టెక్ సందేహాలు: మోడల్ రైలు మాట వినడం లేదు

ప్రశ్న: 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్ల మీద హెచ్‌వో (మోడల్ రైళ్లలో ఒక సైజు) లేఅవుట్ వేశాను. పట్టాల ద్వారానే ఇంజిన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీ కంట్రోలర్ వాడుతున్నాను. పట్టాలకు ఒక్కచోటే వైరు ఇచ్చాను. కంట్రోలర్ దగ్గర ఇంజిన్ బాగానే నడుస్తోంది. అవతలి చివరకు వెళ్తే నెమ్మదిస్తుంది, ఆగుతుంది, ఒక్కోసారి తనంతట తానే ఫుల్ స్పీడ్ అందుకుంటుంది. మల్టీమీటరు పెడితే రెండు చోట్లా ఒకటే వోల్టేజీ. ఇంజిన్‌లో ఆ ఆదేశాలను చదివే డీకోడర్ మార్చాలా?

జవాబు: డీకోడర్ మీద ఇప్పుడే డబ్బు పోయకండి. దగ్గర నడిచి దూరంలో తడబడుతోందంటే ముందు అనుమానించాల్సింది వైరింగునే. డీసీసీలో కరెంటూ, ఆదేశాలూ అవే రెండు పట్టాల మీద వస్తాయి. పట్టాల ముక్కలను కలిపే జాయినర్లు వదులైనా, తుప్పు పట్టినా అక్కడ నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది, ఆదేశాలూ దెబ్బతింటాయి. చెక్ బైట్ (తప్పులు పట్టేందుకు ఆదేశంతో పాటు వచ్చే సంఖ్య) సరిపోలని ఆదేశాన్ని డీకోడర్ పట్టించుకోదు.

మరి మీటరులో తేడా ఎందుకు కనిపించలేదు? లోడ్ లేకుండా కొలిచారు. కరెంటు పారనప్పుడు నిరోధం ఎంతున్నా మీటరు పసిగట్టలేదు. కారు బ్రేక్ లైటుకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బును అవతలి చివర పట్టాలకు కలిపి, అది వెలుగుతుండగానే ఏసీ రేంజిలో కొలవండి. మామూలు మీటరు డీసీసీ వోల్టేజీని కచ్చితంగా చూపదు కాబట్టి అంకెను వదిలేసి రెండు చోట్ల మధ్య తేడా చూడండి. ఇక్కడ 14, అక్కడ 12 వస్తే దొంగ దొరికినట్టే. బల్బు బాగా కాలుతుంది, ప్లాస్టిక్ స్లీపర్లకు తగలనివ్వకండి.

తర్వాత అదే చివర రెండు పట్టాలకూ అడ్డంగా ఒక నాణెం క్షణంసేపు పెట్టండి. బూస్టర్ (పట్టాలకు కరెంటు పంపే భాగం) వెంటనే ట్రిప్ కావాలి. కాకపోతే రైళ్లు నడపడం ఆపేయండి. అలాంటి చోట బోగీ పట్టాలు తప్పితే కరెంటు ఆగకుండా పారి చక్రాలు, ప్లాస్టిక్ కరుగుతాయి.

సరిచేయడానికి బల్ల కింద 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు రెండు రంగుల్లో బస్‌లా, అంటే ప్రధాన లైనులా లాగండి. ప్రతి 3 అడుగులకూ, పాయింట్ల (దారి చీలే చోట్ల) అవతల కూడా బస్ నుంచి పట్టాలకు 0.5 స్క్వేర్ ఎంఎం ఫీడర్ వైర్లు ఇవ్వండి. ఒక్కోటి అడుగు దాటకూడదు. ఒక రంగు వైరు, ఎరుపు అనుకుందాం, చివరిదాకా ఒకే పట్టాకు వెళ్లాలి, ఒక్క ఫీడర్ తారుమారైనా షార్టే. సోల్డరింగుకు ముందు రెండు పక్కలా క్రొకోడైల్ క్లిప్పులు పెడితే స్లీపర్లు కరగవు.

ఇంజిన్ దూసుకుపోవడానికి కారణం వేరు. సిగ్నల్ తెగగానే కొన్ని డీకోడర్లు దాన్ని పాత డీసీ లేఅవుట్ అనుకుని మోటారుకు పూర్తి కరెంటు ఇచ్చేస్తాయి. కంట్రోలర్‌తో సీవీ 29 (డీకోడర్ సెట్టింగుల్లో ఒకటి) చదవండి. 6 ఉంటే 2, 38 ఉంటే 34 రాయండి. తగ్గించిన ఆ 4 అనలాగ్ మోడ్‌ది, అంటే పాత డీసీ మీద నడిపే సెట్టింగుది. తీసేస్తే సిగ్నల్ పోయినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. కానీ వైరింగు బాగుచేయకుండా ఇదొక్కటే చేస్తే జబ్బు అలాగే ఉంటుంది.

ప్రశ్న: పట్టాలను గరుకు కాగితంతో రుద్దొచ్చా?

జవాబు: వద్దు. గీతలు పడితే మురికి వాటిలోనే పేరుకుంటుంది. పవర్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డతో తుడవండి, ఆరాకే ఆన్ చేయండి. ఇంజిన్ చక్రాలనూ అలాగే తుడవండి, చాలామంది వాటినే మరిచిపోతారు.