గేటు మూసుకునే దాకా ఆగాలి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మోటారు నడిపే బోర్డులో మూడో జత మాస్‌ఫెట్లు (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు; పైది బ్యాటరీ ప్లస్ వైపు, కిందది మైనస్ వైపు) కూడా కాలిపోయాయని నిన్న ఫోన్‌లో చెప్పావు. "కోడ్‌లో ముందు పైదాన్ని ఆపి, ఆ తర్వాతే కిందదాన్ని ఆన్ చేస్తున్నా కదా మావయ్యా" అన్నావు. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

చిన్నప్పుడు నీకు బందరు లాకులు చూపించాను, గుర్తుందా? పడవలు తిరిగే రోజుల్లో ఒక తలుపు పూర్తిగా మూశాకే రెండోది తెరిచేవాళ్లు. మూయమని కేకేసినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. మాస్‌ఫెట్ కూడా అంతే. మైక్రోకంట్రోలర్ పిన్ సున్నా అయినా, మాస్‌ఫెట్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలు, అంటే గేటులో నిండిన చార్జి ఖాళీ కావాలి. స్కోప్‌లో (వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్) బాగా సాగదీసి చూడు: గేటు వోల్టేజీ 12 వోల్టుల నుంచి దిగుతూ దిగుతూ మధ్యలో మెట్టు మీద నిలబడ్డట్టు కాసేపు ఆగుతుంది. ఆ మెట్టు దిగితే కానీ అది నిజంగా ఆఫ్ కాదు. ఈలోపు రెండోది తెరుచుకుందా, బ్యాటరీ ప్లస్ నుంచి మైనస్‌కి అడ్డులేని దారి దొరికినట్టే.

అందుకని కోడ్‌లో పెట్టిన ఆ డిలేలన్నీ తీసెయ్. నీ మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎమ్32ఎఫ్103లో టైమర్ 1కి డెడ్ టైమ్, అంటే ఒకటి ఆపి రెండోది ఆన్ చేసే మధ్య ఆగే సమయం, హార్డ్‌వేర్‌లోనే ఉంది. కాంప్లిమెంటరీ అవుట్‌పుట్లు (ఒకటి ఆన్ అయితే రెండోది ఆఫ్ అయ్యే జత పిన్నులు) వాడి, డెడ్ టైమ్ ఉండే బీడీటీఆర్ రిజిస్టర్‌లో అంకె రాస్తే చాలు. క్లాక్ 72 మెగాహెర్ట్జ్ దగ్గర 72 రాస్తే 72 టిక్కులు (క్లాక్ దెబ్బలు), అంటే 1 మైక్రోసెకను. 127 దాటితే మాత్రం లెక్క మారుతుంది. 200 రాస్తే వచ్చేది 200 టిక్కులు కాదు, 320. ఆ పట్టిక మాన్యువల్లో చూసుకునే రాయి.

నేను ఇక్కడే దెబ్బ తిన్నాను. 8 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద 8 టిక్కులు పెట్టి అంతా సరిచూసుకున్నాను. తర్వాత స్పీడు కోసం క్లాక్ 72కి పెంచాను, ఆ 8ని మార్చడం మర్చిపోయాను. 1 మైక్రోసెకను కాస్తా 111 నానోసెకన్లయింది. టప్‌మని శబ్దం, మాస్‌ఫెట్ మూతి పగిలి ముక్క బల్ల మీద పడింది. అప్పటి నుంచి డెడ్ టైమ్‌ని నానోసెకన్లలోనే రాసి, టిక్కుల లెక్క కోడ్‌తోనే చేయిస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

మొదట 2 మైక్రోసెకన్లు పెట్టు. తర్వాత గేట్ల దగ్గర కొలిచి కొద్దికొద్దిగా తగ్గించు. మైక్రోకంట్రోలర్ పిన్ దగ్గర కొలిస్తే లాభం లేదు, గేటుని నడిపే డ్రైవర్ ఐసీ, గేట్ రెసిస్టర్ చేసే ఆలస్యం అక్కడ కనపడదు. హై సైడ్ (పై మాస్‌ఫెట్) సోర్స్ కాలుకి మాత్రం ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ తగిలించకు, స్కోప్ ఎర్త్ ద్వారా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. గేటుకి ఒక ప్రోబ్, సోర్స్‌కి ఒక ప్రోబ్ పెట్టి, స్కోప్‌లో గేటు వోల్టేజీలోంచి సోర్స్ వోల్టేజీ తీసెయ్. బోర్డు వేడెక్కాక మళ్లీ కొలువు.

భయపడి మరీ పెంచినా నష్టమే. 20 కిలోహెర్ట్జ్ స్విచింగ్‌కి ఒక సైకిల్ 50 మైక్రోసెకన్లు. రెండు అంచుల్లో ఒక్కో మైక్రోసెకను పోతే 4 శాతం పోయినట్టే, నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటారు కుదుపుతుంది.

ఒక్కో గేటుకీ సోర్స్‌కీ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉందా? నువ్వు పంపిన ఫొటోలో నాకు కనపడలేదు. రీసెట్ సమయంలో పిన్నులు గాల్లో ఉంటాయి, గేటుని కిందకి లాగి పట్టుకునేది అదే. ముందు అది వెయ్యి.

ఆదివారం బోర్డు తీసుకుని గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరు. బ్యాటరీ తేవద్దు, కరెంట్ లిమిట్ అర ఆంపియర్‌కి పెట్టి నా పవర్ సప్లై మీదే మొదలెడదాం.

మీ మావయ్య
విజయవాడ