ఉప్పు వేయాలా వద్దా అన్న దగ్గరే మా షాపు కదిలింది

ప్రశ్న: ఇంట్లోంచి చిన్న ఆన్‌లైన్ చీరల షాపు నడుపుతున్నాం. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ పోస్టులు పెడుతున్నా లైకులు పది దాటడం లేదు, కామెంట్లు అసలే లేవు. ఎంగేజ్‌మెంట్ పెరగాలంటే ఏం చేయాలి?

పది లైకులొస్తున్నాయంటే మీరు నాకంటే నయమే. నేను మొదలుపెట్టిన కొత్తలో మూడు నెలలపాటు పోస్టుకి నాలుగే లైకులు. ఒకటి నాది, ఒకటి మా ఆయనది, మూడోది మా చెల్లెలిది. నాలుగో ఆవిడ ఎవరో ఇప్పటికీ తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మాది గుంటూరు. మంగళగిరి నూలు చీరలు అమ్ముతాను. మంగళగిరి వెళ్ళి మూడు నాలుగు మగ్గాల ఇళ్ళ నుంచి నేరుగా తెచ్చుకుంటాను. తెలిసినవాళ్ళకి తెలుసు, ఈ చీరకి లోపలంతా సాదాగా ఉంటుంది, అందమంతా జరీ అంచులోనే. చేత్తో పట్టుకుంటే మనసు లాగేస్తుంది కానీ ఫోన్లో చూస్తే ఏముంది, ఒక మెరూన్ గుడ్డ, పక్కన ఒక పచ్చ గుడ్డ. పట్టుచీరలు అమ్మేవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ చీరలు వాటంతటవే మెరుస్తాయి.

అందుకని నేను కూడా అందరూ చేసే తప్పులే వరసగా చేశాను. ముందు ఒక డిజిటల్ మార్కెటింగ్ వాళ్ళని పెట్టుకున్నాను. నెలకి పన్నెండు వేలు, ఇరవై పోస్టులు. చీర ఫోటో మీద ‘ఎలిగెన్స్ రీడిఫైన్డ్’ అని ఇంగ్లిషులో రాసేవాళ్ళు. మా అత్తయ్య ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎవరమ్మాయ్ ఆ ఎలిగెన్సు, ఆవిడ చీరా ఇది?" అంది. అప్పుడే మానెయ్యాల్సింది. జులై 17న ప్రపంచ ఎమోజీ దినోత్సవమట, దానికి పోస్టు పెట్టారు. మా చీరలకీ ఎమోజీలకీ ఏం సంబంధమో మరి. సరిగ్గా మూడు వారాలకి ఆగస్టు 7 వచ్చింది. జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున స్వదేశీ ఉద్యమం మొదలైందని, దాని గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. చేనేత చీరలు అమ్మే షాపుకి అంతకంటే పెద్ద రోజు ఏముంటుంది? ఆ రోజు మా పేజీలో ఏమీ లేదు. ఫోన్ చేస్తే, "మా క్యాలెండర్‌లో లేదు మేడమ్" అన్నారు. ఆ నెలతో వాళ్ళకి దణ్ణం పెట్టేశాను.

తర్వాత గివ్‌అవే. ఫాలో అవ్వండి, ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చెయ్యండి, చీర గెలుచుకోండి. పది రోజుల్లో తొమ్మిది వందల మంది ఫాలోవర్లు కాస్తా మూడు వేల నాలుగు వందలయ్యారు. ఇంట్లో అందరికీ స్వీట్లు పంచాను. చీర గెలిచినావిడ ఖాతా తెరిచి చూస్తే అందులో ఆవిడ ఫోటో ఒక్కటి లేదు. అన్నీ గివ్‌అవేలే: మిక్సీ, కుక్కర్, ఫేస్‌క్రీమ్, మధ్యలో మా చీర. ఆ వచ్చిన రెండున్నర వేల మందీ అలాంటివాళ్ళే. తర్వాత పెట్టిన పోస్టుకి పదకొండు లైకులు. నా లెక్క ఏమిటంటే, మన పోస్టుని ముందు మన ఫాలోవర్లకే కొంతమందికి చూపిస్తారు, వాళ్ళు ఆగకుండా జరిపేస్తే అది అక్కడే చచ్చిపోతుంది. కొనే ఉద్దేశం లేనివాళ్ళని ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టుకున్నట్టయింది నా పని. కాబట్టి గివ్‌అవే జోలికి పోవద్దు. ఎవరెన్ని చెప్పినా సరే.

ఇక అసలు సంగతి. పోయినేడాది శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం ఇంకా వారం ఉందనగా, మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. మా పేజీలో అన్నిటికంటే అందమైన ఫోటో కింద ఒక కస్టమర్ కామెంటు: "అక్కా, మీ దగ్గర కొన్న మెరూన్ చీర మొదటి ఉతుకులోనే రంగు దిగింది. మా పాప తెల్ల గౌను చూడండి." ఇన్‌బాక్స్‌లో ఫోటో కూడా పంపింది. గౌను చక్కటి గులాబీ రంగులో ఉంది. తెలియనివాళ్ళు చూస్తే ఆ రంగే కావాలని కొన్నారనుకుంటారు.

అన్నం ముద్ద దిగలేదు. మా మరిది, "వదినా, ముందు ఆ కామెంటు డిలీట్ చేసెయ్, తర్వాత మాట్లాడుకోవచ్చు" అన్నాడు. చెయ్యబోయాను కూడా. వేలు దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే అదే లాట్‌లోవి ఇంకా పద్నాలుగు చీరలు బీరువాలో ఉన్నాయి. ఆ రంగు నిజంగా దిగుతుందో లేదో నాకే తెలియాలి కదా. ఒకటి తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. మా టబ్బు నీలం రంగుది, అందులో ఏం కనపడదని, ఇంటికి సున్నం వేయించినప్పుడు మిగిలిన తెల్ల డిస్టెంపర్ బకెట్ కడిగి నీళ్ళు పట్టాను. కస్టమర్‌కి చూపించాలంటే వీడియో ఉండాలి కాబట్టి ఫోన్‌ని సబ్బుపొడి డబ్బాకి ఆనించి పెట్టాను. చీర ముంచాను. ఒక నిమిషం కూడా పట్టలేదు, నీళ్ళు బీట్‌రూట్ ఉడికించినట్టు అయిపోయాయి. నేను "అయ్యో" అన్నాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి అత్తయ్య గొంతు: "ఉప్పేదమ్మాయ్? ఉప్పు లేకుండా ముంచావేంటి, చదువుకున్నదానివి!"

వీడియో నలభై ఎనిమిది సెకన్లు. దాన్ని కత్తిరించే ఓపిక నాకు లేదు, అత్తయ్య మాటలతో సహా పెట్టేశాను. కింద ఇలా రాశాను: "ఈరోజు ఒక కస్టమర్ చెప్పారు, వెంటనే నేనే ముంచి చూశాను. ఈ లాట్ మెరూన్‌కి రంగు దిగుతోంది. కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మార్చి ఇస్తాను. ఇంతకీ ఉప్పు వేయాలా?" ఆ చివరి ముక్క నిజంగా అడగాలని రాసింది కాదు, అత్తయ్య మీద కోపంతో రాసింది.

పొద్దున లేచేసరికి డెబ్భై కామెంట్లు. చీర గురించి ఒక్కటి లేదు, అన్నీ ఉప్పు గురించే. రాళ్ళ ఉప్పే వేయాలి, మెత్తటి ఉప్పు పనికిరాదని ఒకావిడ. కాదు, వెనిగర్ అని ఇంకొకావిడ. పటిక అని రాజమండ్రి నుంచి. అసలు సబ్బే పెట్టకూడదు, కుంకుడుకాయ రసంలో జాడించాలని మరొకరు. డాలస్‌లో ఉండే ఒకమ్మాయి, "ఇక్కడ మెషీన్‌లో వేసే కలర్ క్యాచర్ షీట్లు దొరుకుతాయి అక్కా, వదిలిన రంగుని అవే పీల్చేస్తాయి" అని ఫోటో పంపింది. అద్దకం పని తెలిసిన ఒకాయన పొడుగ్గా రాశాడు: ఉప్పు వేయాల్సింది రంగు తొట్టిలో, నూలుకి రంగు పట్టడానికి, తయారైన చీరని ఉప్పునీళ్ళలో ముంచితే ఒరిగేది లేదు, అద్దిన తర్వాత చిలపల్ని, అంటే నూలు చుట్టల్ని, వేడి సబ్బునీళ్ళలో బాగా జాడించి, నూలుకి అంటని రంగంతా వదలగొట్టాలి, అక్కడ తొందరపడితే ఇలాగే అవుతుంది. ఆయన మీద పాతిక మంది ఆడవాళ్ళు పడ్డారు. మా అమ్మమ్మ వేసేది, ఆవిడకేం తెలియదా అని.

నేను ఆ రోజు వంట మానేసి ప్రతి ఒక్కరికీ జవాబు రాశాను. మధ్యాహ్నం దాకా అదే పని. రాసేకొద్దీ ఇంకా వచ్చాయి. వారం తిరిగేసరికి ఆరు వందలు దాటాయి. అంతకంటే నాకు ఆశ్చర్యం వేసింది, ఆ వీడియోని ఒకరికొకరు పంపుకోవడం. రెండు వేలకు పైగా పంపుకున్నారు. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి కూడా ఈ మాటే చెప్పాడు. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది వేరేవాళ్ళకి పంపారు అనే మూడే ముఖ్యమని, మనల్ని ఎరగనివాళ్ళ దాకా వెళ్ళాలంటే ఆ మూడోది ఎక్కువ పనిచేస్తుందని. ‘ఎలిగెన్స్ రీడిఫైన్డ్’ని ఎవరు ఎవరికి పంపుతారు? కానీ రంగు దిగిన చీర వీడియో చూస్తే, మొన్న పెళ్ళిలో రంగు అంటుకున్న చెల్లెలు గుర్తొస్తుంది. వెంటనే పంపుతారు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇదే: చూసేవాళ్ళకి సొంతంగా తెలిసిన విషయం ఏదో ఒకటి అడగండి. చీర బాగుందా అని అడిగితే ఏమంటారు, బాగుంది అంటారు, లేదా ఊరుకుంటారు. అదే గంజి బియ్యంతో పెడతారా సగ్గుబియ్యంతోనా అని అడిగి చూడండి. నేను అడిగాను, రెండొందల ముప్ఫై మంది వచ్చారు. మంగళగిరి చీరకి నిజాం అంచు అని ఉంటుంది, చిన్న చిన్న గోపురాలు వరసగా నిలబెట్టినట్టు. దాన్ని మీ ఇంట్లో ఏమంటారు అని అడిగాను. గుడి అంచు అన్నారు, రంపం పళ్ళ అంచు అన్నారు, ఒకావిడ మొసలి పళ్ళు అంది. అంచు ఫోటో ఒక్కటే పెట్టినప్పుడు ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. మన తెలుగువాళ్ళని పొగడమంటే మొహమాటపడతారు, తప్పు దిద్దమంటే మాత్రం అన్నం మధ్యలో లేచొస్తారు. మా అత్తయ్యే సాక్షి.

ఇంకో విషయం, టైము. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పెట్టండి. సీరియళ్ళు అయిపోయి, గిన్నెలు తోముకుని, పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ పట్టుకునే వేళ అది. దీనికి నా దగ్గర ఏ లెక్కా లేదు, మా వీధిలో లైట్లు చూసి చెబుతున్నాను. అమావాస్య నాడు మాత్రం నేను కొత్త చీర పోస్టు చెయ్యను, దాని గురించి అడక్కండి.

సినిమా పాటలు పెట్టొద్దు. బిజినెస్ అకౌంటుకి ఆ పాటలు ఇవ్వరు. వీడియోలోనే అతికించి పెడితే నాకు రెండుసార్లు శబ్దం తీసేశారు, మూగ వీడియోలయ్యాయి. ఇప్పుడు గుంట మగ్గం దగ్గర ఫోన్ పెట్టి ఆ టకటకే రికార్డు చేస్తాను. నేసే ఆయన మధ్యలో దగ్గితే అది కూడా ఉంటుంది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం చెప్పాలి. ధర. దయచేసి ధర రాయండి. ‘ప్రైస్ కోసం డీఎం చెయ్యండి’, అంటే ధర కావాలంటే విడిగా ఇన్‌బాక్స్‌లో అడగండి అని రాసేవాళ్ళని చూస్తే నాకు బజార్లో గోనెసంచి కింద చేతులు పెట్టి బేరమాడేవాళ్ళు గుర్తొస్తారు. ధర దాచితే "ప్రైస్?" "ప్రైస్ ప్లీజ్" అని నలభై కామెంట్లు వస్తాయి, దాన్నే ఎంగేజ్‌మెంట్ అంటారని ఆ మార్కెటింగ్ వాళ్ళు నాకు నేర్పారు. వస్తాయి, నిజమే. కానీ అడిగినావిడ పక్కావిడకి నాకంటే తక్కువ చెప్పారేమోనని అనుమానంతోనే మొదలవుతుంది. పైగా సగంమంది సిగ్గుపడి అడగరు, అడిగి కొనకపోతే బాగుండదని. నేను రెండు వారాలు ధర లేకుండా, రెండు వారాలు ధరతో పెట్టి చూశాను. ధర రాసినప్పుడు కామెంట్లు తగ్గాయి, చీరలు పెరిగాయి. రెండు వారాలు చాలదని మీరనొచ్చు, నాకు చాలింది. 1,450 అని రాస్తే 1,450 ఇవ్వగలిగినావిడే వస్తుంది. రాకపోతే పోనీ, ఆవిడా నేనూ ఇద్దరం టైము మిగుల్చుకున్నాం.

అన్నట్టు అన్ని కామెంట్లొచ్చిన ఆ వారం నేను అమ్మిన చీరలు ఎన్నో తెలుసా? తొమ్మిది. అందులో ఐదు మెరూన్‌వే, అంతా చూసి కూడా! "ఉప్పు వేసి నేను చూసుకుంటాలే అక్కా" అని. అదే వారం వాట్సాప్ స్టేటస్‌లో పాత కస్టమర్లు చూసి కొన్నవి పదిహేడు. అందుకే ఇప్పుడు పార్శిల్‌లో ఒక చీటీ పెడుతున్నాను, నా నంబరు సేవ్ చేసుకోండి అని. వాట్సాప్‌లో ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే పడతారు, అదీ మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళుతుంది. ఈ ముక్క నాకు తెలియక ఏడాదిపాటు గాలికి మెసేజ్‌లు పంపాను. స్టేటస్ సంగతీ అంతే, నంబరు రెండువైపులా సేవ్ అయి ఉండాలి.

గౌను పాడైనావిడకి చీర డబ్బులు తిరిగి ఇచ్చాను. గౌనుకి కూడా ఇస్తానంటే ఒప్పుకోలేదు, పాప ఆ గులాబీ గౌనే కావాలంటోందట. రంగు అద్దినాయన్ని అడిగితే, శ్రావణం ఆర్డర్ల తొందరలో జాడింపు సరిగా కాలేదని తనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ముదురు రంగులు ఏవి వచ్చినా ముందు ఆ తెల్ల బకెట్లో ఒక చీర ముంచి, ఆ వీడియో పెట్టాకే అమ్మకానికి పెడుతున్నాను. నీళ్ళు తేటగా ఉన్నా సరే, "ఉప్పు వేశారా లేదా, అత్తయ్యగారేరీ?" అని అడుగుతారు.

ఆ అద్దకం ఆయన చెప్పింది నేను అత్తయ్యకి చదివి వినిపించాను. మొత్తం విని, "పాపం, ఆయన ఎప్పుడూ ఉతికి ఉండడు" అంది. బకెట్ పక్కన ఉప్పు డబ్బా ఇప్పటికీ ఉంది.

మీవి ఏ ఊరి చీరలో రాయలేదు. వెంకటగిరా, ఉప్పాడా, గద్వాలా? చెబితే ఏం అడగాలో నాకు తోచింది చెబుతాను.