పేపర్లో దండెం కట్టినోడు

మా ఆయన ఆర్మీ, రెండు మూడేళ్లకోసారి బాబుకు బడి మారిస్తే చదువు పాడవుతుందా, లేక వాణ్ని తిరుపతిలోనే ఉంచేయాలా అని అడిగారు కదండీ. పాడవదు, వెంట తీసుకుపోండి. మా నాయన హవల్దారు. నేను పఠాన్‌కోట్, జబల్‌పూర్, ఝాన్సీ తిరిగాను, చదువుకేమీ కాలేదు. 1963లో కేంద్రీయ విద్యాలయాలు పెట్టిందే బదిలీల పిల్లల కోసం, ఎక్కడికి పోయినా అవే పుస్తకాలు, పొద్దున అదే ప్రార్థన. స్నేహితులు దూరమవుతారని అందరూ బెదిరిస్తారు గానీ, నల్ల ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో కొత్త అడ్రసు రాసి అది ఆరేలోపు మరిచిపోతాం.

నాకు దెబ్బ తగిలింది సొంతూరికొచ్చాకే. ఝాన్సీలో అక్క పన్నెండు ముగించగానే నాయనకు కాశ్మీర్లో ఫీల్డ్ పోస్టింగ్ పడింది, అక్కడికి మమ్మల్ని తీసుకుపోవడానికి లేదు, కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చిత్తూరులో దిగాం. ఎనిమిదిలో చేర్చారు. తెలుగు గడగడా మాట్లాడతాను, రాయడం రాదు. క్వార్టర్లీ పరీక్షలో అమ్మ నేర్పిన పద్యమే వచ్చింది, వదలబుద్ధి కాక మొత్తం హిందీ అక్షరాల్లో రాసి, స్కేలు పెట్టి పైన గీతలు కూడా నీట్‌గా కొట్టిచ్చాను. అయివారు ఆ పేపరు క్లాసంతా చూపించి, "ఏందిరా అబ్బోడా, పేపర్లో దండెం కట్టినావు? గుడ్డలు ఆరేస్తావా?" అన్నాడు. పద్యంలో ఒక్క తప్పు లేదు సార్ అంటే సున్నా చుట్టి చేతికిచ్చాడు!

ఒత్తులు నేర్పింది మా అవ్వ, అదీ చదువు రాని అవ్వ. చిత్తూరు బస్టాండులో ప్రతి బస్సు బోర్డూ నాతో చదివించేది. పూతలపట్టు బోర్డు చూసి నేను "పూతలపటు" అంటే, "అట్లాంటి ఊరు ఈ జిల్లాలో లేదు, సరిగ్గా చూడు" అనేది.

ఇంకోటి, మీవాడు ఎదిగాక ఇక్కడ ఇంజినీరింగ్ సీటు కావాలంటే లోకల్ లెక్క చూసుకోండి. ఇంటర్‌తో కలిపి వరసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివుండాలి. నాకు సరిపోయింది, అక్కకు 85 శాతం లోకల్ సీట్లలో చోటే లేకపోయింది. సరిహద్దులో కాపలా కాసినోడి కూతురు సొంత జిల్లాలో నాన్‌లోకల్ అంట, ఎవురికి చెప్పుకోవాల?

అందుకే ఏ ఊరికి పోయినా రోజూ అర్ధగంట వాడిచేత తెలుగు రాయించండి, ఫోన్లో కాదు, పలక మీద. మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈరోజుకీ నా పేరు దండెమే.