ట్రాఫిక్‌లో బైకు ఎగిరి దూకుతుంటే ముందు క్లచ్ సంగతి చూడండి

బైకు కొని మూడు వారాలైందనీ, ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతున్నాననీ, తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ఎక్సలేటర్ కాస్త తిప్పితే బండి దూకుతోందనీ, తగ్గిస్తే ఆఫ్ అయిపోతోందనీ రాశారు. నాకూ ఇదే జరిగింది, అదే సర్కిల్‌లో. సిగ్నల్ పడింది, వెనక ఆటో హారన్ కొట్టింది, నేను కంగారులో క్లచ్ టక్కున వదిలేశాను. బండి ముందుకు దూకింది, ఒళ్లు వెనక్కి వాలింది. వాలినకొద్దీ చెయ్యి ఎక్సలేటర్‌ని ఇంకా లాగింది. ముందున్న కారు బంపర్‌కి తగిలి ఆగాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, పది రోజులు బండి తాళం ముట్టుకోలేదు.

నాకు దారి చూపింది చిత్తూరులో మెకానిక్ పని చేసే మా మేనమామ. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ స్థలానికి తీసుకెళ్లి, "ఎక్సలేటర్ ముట్టుకోవద్దు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదులు" అన్నాడు. చదునైన నేల మీద ఇంజిన్ ఐడిల్‌లోనే, అంటే ఎక్సలేటర్ తిప్పకుండా అది తిరిగే వేగంలోనే, బండి దానంతట అది కదిలింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో ఆ రోజే నా వేళ్లకు తెలిసింది. పది పదిహేనుసార్లు అక్కడిదాకా వదలడం, మళ్లీ నొక్కడం, అంతే.

తరువాతిది అసలైన పాఠం. మామ నడుస్తుంటే నేను ఆయన పక్కనే బండి మీద వెళ్లాలి. ముందుకు పోకూడదు, కాలు కింద పెట్టకూడదు. "ఎక్సలేటర్ కొంచెం తిప్పి అట్లే పట్టుకో. వేగమంతా క్లచ్‌తో చూసుకో. ఎక్కువైతే వెనక బ్రేకు కాస్త తొక్కు" అన్నాడు. ట్రాఫిక్‌లో మీరు చేయాల్సింది కూడా అచ్చంగా ఇదే. నడక వేగంలో చక్రం తిరిగే తీరుకూ ఇంజిన్ తిరిగే తీరుకూ పొంతన ఉండదు. ఆ తేడాను సగం పట్టిన క్లచ్ సర్దుతుంది. క్లచ్ పూర్తిగా వదిలేసి ఎక్సలేటర్‌తోనే ఆ వేగం నడపబోతే ప్రతి చిన్న కదలికా కుదుపవుతుంది. ప్లేట్లు అరిగిపోతాయని భయపడకండి. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే ఉంటాయి, కాసేపు హాఫ్ క్లచ్ తట్టుకుంటాయి. మామూలు వేగంలో కూడా లివర్ మీద వేళ్ల బరువు వేసి నడిపితేనే త్వరగా అరుగుతాయి. బండ్లు కాస్త కదులుతూ ఉంటే సెకండ్ గేరు వేయండి. ఫస్ట్ గేరులో వచ్చినంత కుదుపు అందులో రాదు.

కుడి మణికట్టు సంగతి కూడా చూడండి. అది పైకి లేవకుండా, కిందికి వాలకుండా చేతికి సమంగా ఉండాలి, మోచెయ్యి కొంచెం వంగాలి. కిందికి వాల్చి పట్టుకుంటే బండి కుదిపినప్పుడు చెయ్యి తెలియకుండానే ఎక్కువ తిప్పేస్తుంది. గతుకుల్లో నేను బొటనవేలిని కదలని స్విచ్‌ల పెట్టెకి ఆనిస్తాను. అప్పుడు ఎంత తిప్పుతున్నానో తెలుస్తుంది. బండి దూకితే ముందు క్లచ్ నొక్కేయండి. చక్రానికి శక్తి అందడం అక్కడితో ఆగిపోతుంది. హ్యాండిల్ పక్కకి తిరిగి ఉన్నప్పుడు నెమ్మది వేగంలో ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే బండి పడిపోతుంది. అక్కడ వెనక బ్రేకే.

ఇంకొకటి, తప్పంతా మీ చేతిదే కాకపోవచ్చు. ఎక్సలేటర్ కేబుల్‌లో ఖాళీ, అంటే తిప్పినా ఇంజిన్ వేగం పెరగని ఆ మొదటి కొంచెం కదలిక, సాధారణంగా 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండాలి. ఖాళీ ఎక్కువైనా, చైన్ వదులైనా బండి కుదుపుతుంది. మీ మాన్యువల్‌లో కొలత చూసి మెకానిక్‌తో సరిచేయించుకోండి. నా బండికి చైన్ బిగించాకే సగం బాధ తగ్గింది.

సాయంత్రం లీలామహల్ దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ఉదయం ఆరింటికి యూనివర్సిటీ వైపు, తరువాత బాలాజీ కాలనీ, ఆ తరువాతే బస్టాండు దగ్గరికి. భక్తులు లగేజీతో రోడ్డు దాటే చోట క్లచ్, వెనక బ్రేకు మీద వేళ్లూ కాలూ సిద్ధంగా ఉంచుకుంటే చాలు. వెనక హారన్ కొట్టినా ఒక్క క్షణం ఆగి క్లచ్ మెల్లగానే వదలండి. ఆ ఒక్క క్షణంలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

కొత్త బండి కాబట్టి వెంటనే తిరుమల కొండకి తీసుకెళ్లాలని ఇంట్లో అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. ఎక్కే దారి, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండ్ల భయం ఉండదు కానీ, దిగేటప్పుడు మలుపుల్లో క్లచ్ నొక్కి పట్టుకుంటే ఇంజిన్ బ్రేకింగ్ (ఇంజినే బండిని పట్టి ఆపడం) పోయి బండి జారుకుంటూ వెళ్తుంది. సెకండో థర్డో వేసి, ఎక్సలేటర్ వదిలి, క్లచ్ ముట్టుకోకుండా దిగగలిగే దాకా బండి పూజ అలిపిరిలోనే చేయించండి.