మేనేజర్‌కి ఎంత టైమ్ ఇవ్వాలి?

ఫుట్‌బాల్‌లో ఓడిపోతున్నా ఫిలాసఫీని, అంటే ఆడించే పద్ధతిని, నమ్మి మేనేజర్‌ని (టీమ్ హెడ్ కోచ్‌ని) ఉంచాలా, రిజల్ట్స్ రాకపోతే మార్చెయ్యాలా అని అడిగారు. నేను కాలేజీ టీమ్‌లో సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, ఇద్దరు కోచ్‌ల దగ్గర ఆడాను. మొదటాయన బంతి దొరికితే ముందుకు బాదెయ్యమనేవాడు. బాగానే గెలిచాం, టెన్షనే లేదు, కాకపోతే ఎత్తుగా ఉండే స్ట్రైకర్‌కి దెబ్బ తగిలి బయట కూర్చోగానే ఏం ఆడాలో ఒక్కడికీ తోచలేదు. రెండో ఆయన గోల్‌కీపర్ దగ్గర్నుంచే చిన్న పాస్‌లతో పైకి రావాలన్నాడు. మా గోల్ దగ్గరే బంతి పోగొట్టుకుని గోల్స్ సమర్పించుకున్నాం, చూసేవాళ్లు నవ్వారు కూడా, కానీ ఆడేవాడికి లోపల ఒకటి తెలుస్తుంది: మొదట్లో ఎవరైనా మీదికొస్తే కాళ్లు వణికేవి, కొన్నాళ్లకి బంతి నా దగ్గరికి రాకముందే ఎవరికివ్వాలో కనిపించేది. ఓడినా ఓడే తీరు మారుతూ వచ్చింది. అప్పట్నుంచీ ఏ మేనేజర్‌నైనా నేను చూసేది ఒకటే, అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతోందా లేదా అని.

ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌లో మేనేజర్ ఆర్టెటా సంగతి చూడండి. ఆర్సెనల్ వరుసగా రెండు సీజన్లు 8వ స్థానం, ఆపైన 2021 ఆగస్టులో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ ఓటమే, మూడోది మాంచెస్టర్ సిటీ చేతిలో 5-0, టేబుల్‌లో అట్టడుగు. అయినా క్లబ్ కదల్లేదు. ఆ సీజన్ 5వ స్థానం, తర్వాత వరుసగా మూడుసార్లు రెండో స్థానం. అయితే ఆయన 2020లోనే ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ గెలిచిపెట్టాడు, అది లేకపోతే అంత ఓపిక దొరికేదా అని నాకు అనుమానమే. మాంచెస్టర్ యునైటెడ్‌లో ఫెర్గూసన్‌ది కూడా అలాంటి కథే, 1989-90లో లీగ్‌లో 13వ స్థానం, అదే సీజన్లో ఎఫ్ఏ కప్, అక్కడ మొదటి లీగ్ టైటిల్ 1993లో. అంటే ఫిలాసఫీకి గడువు సంపాదించి పెట్టేది కూడా మధ్యలో వచ్చే రిజల్టే.

మరి చెల్సీ? అక్కడ మేనేజర్లు నిలవరు, కప్పులు మాత్రం వచ్చాయి. 2021 జనవరిలో వచ్చిన టూకెల్ మే నెలకల్లా యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. డిఫెన్స్ త్వరగా సర్దుకోవచ్చు, ఆటగాళ్లు అప్పటికే ఉంటే ఇంకా సులువు. ప్రెస్సింగ్ (బంతి ఉన్నవాడి మీదికి అందరూ కలిసి వెళ్లడం), వెనకనుంచి పాస్‌లతో బిల్డప్ అలా కాదు, పదిమందీ ఒకేసారి కదలాలి, సరిపోని వాళ్లని మార్చాలంటే ఆటగాళ్లని కొనే గడువులు, ట్రాన్స్‌ఫర్ విండోలు, ఏడాదికి రెండే.

అలాగని ఫిలాసఫీ పేరుతో ఎంతైనా భరించమనను. కొంపనీ బర్న్‌లీని రెండో డివిజన్ నుంచి 101 పాయింట్లతో పైకి తెచ్చి, ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోనూ దాదాపు అదే ఆట ఆడించి 24 పాయింట్లతో మళ్లీ కింది డివిజన్‌కి పడిపోయాడు. తర్వాత జర్మనీ క్లబ్ బేయర్న్‌లో అంతకంటే చాలా మంచి ఆటగాళ్లు దొరికారు, మొదటి సీజన్లోనే లీగ్ గెలిచాడు. చేతిలో ఉన్న టీమ్‌కి సరిపడని ఫిలాసఫీ అయితే నేను ఒక్క సీజన్ కంటే ఎక్కువ ఇవ్వను.

ఇక కష్టమైన కేసు పోస్టెకోగ్లూ. 2025లో టోటెన్‌హామ్‌కి యూరప్ రెండో స్థాయి కప్పు యూరోపా లీగ్ తెచ్చాడు, అదే సీజన్ లీగ్‌లో 22 ఓటములు, 17వ స్థానం, చివరికి ఉద్వాసన. అభిమానులకి కోపం వచ్చింది, అర్థమవుతుంది. నేనైనా పంపించేసేవాణ్ణే, కప్పు చేతికిచ్చి, దండం పెట్టి మరీ.