లాగ్‌బుక్ చూపించమని అడుగు

గుణుపురం

అమ్మడూ,

ఆదివారం మీ నాన్న నౌపడా రైల్లో వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. ప్లస్ టూ అయ్యాక హెలికాప్టర్ పైలట్ అవుతానన్నావు, సంతోషం. దాని కిందే ఇంకో మాట రాశావు: "మాకు చెప్పబోయే కెప్టెన్ గారికి ఐదు వేల గంటల అనుభవం ఉందట పెదనాన్నా, ఆయన రాసిన పుస్తకం ఒక్కటి చదివితే చాలట." నేను అక్కడ ఆగిపోయాను. మీ నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేలోపు ఆ ఐదు వేల గంటలు ఎక్కడివో తెలుసుకోవాలి కదా.

నేను పైలట్‌ని కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు చీతా, చేతక్ హెలికాప్టర్ల కింద పానాలు పట్టుకు తిరిగినవాణ్ణి. అయితే పంక్తిలో ఎవరు ఎలా తింటారో వడ్డించేవాడికి తెలిసినట్టు, ఎవరు మెషీన్ ఎలా దించుతారో కింద నిలబడ్డవాడికి తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందు ఆ 'కెప్టెన్' సంగతి తేల్చుకో. ఆర్మీలో కెప్టెన్ అంటే మేజర్ కన్నా కింద, కుర్ర ఆఫీసరు. నేవీలో అదే మాట కల్నల్‌కి సమానమైన పెద్ద హోదా. సివిల్‌లో ఆ ట్రిప్పుకి బాధ్యత ఎవరిదైతే వాళ్లే కెప్టెన్. మీ ఆయన ఈ మూడింట్లో ఎవరో అడుగు. 'టెస్ట్ పైలట్' అన్నా అంతే. మన దేశంలో ఆ చదువు చెప్పే బడి బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్లది. అక్కడో, విదేశాల్లో అలాంటి చోటో చదివారా అని అడిగితే తప్పేం లేదు.

ఇక గంటలు. కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకి కావాల్సింది 150 గంటలు. దాని పక్కన ఐదు వేలంటే కళ్లు తిరుగుతాయి, నిజమే. కానీ ఆ గంటలన్నీ ఒకే రకం కావు. పవన్ హన్స్ అనే హెలికాప్టర్ సంస్థ 1985లో పుట్టిందే ముఖ్యంగా సముద్రంలో చమురు తీసే ఓఎన్‌జీసీ వాళ్లని మోయడానికి. ముంబై దగ్గరి సముద్రంలో ఉన్న బాంబే హై చమురు బావుల దారిలో తిరిగిన పైలట్‌కి నీళ్లూ ఆకాశమూ కలిసిపోయిన మసకలో మీటర్లు చూసి నడపడం, నడిసముద్రంలో చిన్న డెక్ మీద దిగడం చేతికి వచ్చేస్తాయి. సియాచిన్‌లో తిరిగినవాడి చదువు వేరు. అక్కడ గాలి ఎంత పలచనంటే చీతా పై పోస్టులకి ట్రిప్పుకి ఒకటో రెండో జెర్రీ క్యాన్ల కిరోసిన్ మోస్తే గొప్ప. అతను కిలో కిలో లెక్కపెట్టి లేస్తాడు. నాయకుల్ని మీటింగులకి తిప్పేవాడికి దుమ్మూ, కరెంటు తీగలూ, పరుగెత్తుకొచ్చే జనమూ తెలుసు. ఎవరినీ తక్కువ చేయడం లేదు. ఒకరి పని ఇంకొకరికి రాదంటున్నాను, అంతే.

ఇది నా కళ్లతో చూశాను. మా యూనిట్‌కి మైదానాల్లో చాలా గంటలు తిరిగిన ఒకాయన వచ్చారు. మంచి మనిషి. ఒక మధ్యాహ్నం కొండ మీది హెలిప్యాడ్‌కి బరువుతో వస్తూ, వెనక గాలి ఉందని గమనించకుండా వేగం బాగా తగ్గించి నిటారుగా దించబోయారు. అలా దిగితే రెక్కలు కిందికి తోసిన గాలిలోనే మెషీన్ కూరుకుపోతుంది. అప్పుడు పవర్ పెంచేకొద్దీ ఇంకా దిగబడుతుంది, ఊబిలో కాళ్లాడించినట్టు. ముక్కు ముందుకి వంచి ఆ గాలిలోంచి బయటపడాలి. ఆయన పక్క సీట్లో ఉన్న, గంటలు తక్కువే అయినా కొండలెరిగిన కుర్రాడు అదే చేశాడు. మెషీన్ లోయలోకి జారి, మళ్లీ లేచి వచ్చింది. నా చేతిలో జెండా మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉంది. తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాని ముంచిన 2018 అక్టోబరులో, మహేంద్రగిరి మీద మబ్బు చూసిన ప్రతిసారీ ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చేది.

అందుకని పైలట్ తను ఎగిరిన గంటలన్నీ రాసుకునే లాగ్‌బుక్ చూపించమని అడుగు. ఏ మెషీన్, అందులో కెప్టెన్‌గా ఎంత, రాత్రి ఎంత, కొండల్లో ఎంత, శిక్షకుడిగా ఎంత, ఆఖరిసారి నడిపింది ఎప్పుడు. అసలు పైలట్‌కి ఇలా అడిగితే కోపం రాదు, టీ తెప్పించి మరీ చూపిస్తాడు. నువ్వు అడగకుండానే తన పొరపాటు ఒకటి చెప్పాడా, ఇంక వదలకు.

పుస్తకం రాసినవాళ్ల సంగతీ ఇలాగే చూడాలి. అందరూ పైలట్లే కానక్కర్లేదు. రే ప్రౌటీ అనే అమెరికన్ హెలికాప్టర్లు తయారుచేసే కంపెనీల్లో ఏరోడైనమిక్స్ ఇంజనీరు. ఆయన పత్రికలో రాసిన వ్యాసాలు పైలట్లే వెతుక్కుని చదివారు. ఫ్రాన్స్‌లో జాన్ బూలే ఇంజనీరు, టెస్ట్ పైలట్ కూడా. 1972 జూన్ 21న లామా హెలికాప్టర్‌ని 12,442 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లాడు. దిగబోతే ఇంజన్ ఆగిపోయింది. కింది నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతుండగా నేలదాకా దింపాడు. అలా దించడాన్నే ఆటోరొటేషన్ అంటారు. ఆయన తర్వాత హెలికాప్టర్ చరిత్ర రాశాడు. ఆ లామాయే మన చీతా, తల్లీ! మన సైన్యం హిమాలయాల కోసం అడిగితే చేసిన మెషీన్ అది.

తెలుగులో ఇవన్నీ రాస్తానన్నావు కదా, మీ ఊళ్లోనే దారి ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల మధ్యకి వెళ్లి, వాళ్లని అడిగి సవర భాష నేర్చుకున్నారు. ఆ కొండల మలేరియాకి మింగిన క్వినైన్ వల్ల చెవుడొచ్చినా వదల్లేదు. నువ్వూ హ్యాంగర్‌కి వెళ్లు. పైలట్‌నే కాదు, నాలాంటి పానాగాణ్ణీ అడుగు.

ఇంకోటి. ఎక్కడైనా ఫీజు కట్టేముందు మెడికల్ చేయించుకో, పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ డీజీసీఏ ఒప్పుకున్న డాక్టర్ దగ్గర. తర్వాత కంట్లోనో చెవిలోనో ఏదో ఉందంటే ఎవరూ డబ్బు తిరిగివ్వరు. సైన్యం దారి కూడా కొట్టిపారేయకు. 2022లో అభిలాషా బరాక్ నాసిక్‌లో శిక్షణ పూర్తిచేసి ఆర్మీ ఏవియేషన్‌లో తొలి మహిళా పైలట్ అయింది. అక్కడ పొలం కాగితాలు ఎవరూ అడగరు.

వచ్చే ఆదివారం రా. మీ కెప్టెన్ గారికి నా ఎదురుగానే ఫోన్ చేద్దాం. ప్రశ్నలు నువ్వే అడుగు, నేను పక్కన కూర్చుంటాను. అప్పటిదాకా కాగితాలు బీరువాలోనే ఉంచమని మీ నాన్నకి చెప్పు.

మీ పెదనాన్న