పంచిన భూమితో పేద రైతు ఇంటి ఆస్తి పెరుగుతుందా?

"సీలింగ్ భూములు పంచితే పేద కుటుంబాల సంపద నిజంగా పెరిగిందా, కాగితాల మీదేనా?" అని అడిగారు. సీలింగ్ అంటే ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి చట్టం పెట్టిన పరిమితి; దాన్ని మించిన భూమిని ప్రభుత్వం తీసుకుని పేదలకు పంచింది. మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగరం వైపు తెలుగు పల్లె. మా తాతకు పట్టా భూమి వచ్చింది కాబట్టి చూసింది, విన్నది రాస్తున్నాను. పెరిగింది. కాకపోతే ఆదాయంలో వెతికితే చాలా ఏళ్లు ఏమీ కనిపించదు, ముందు అప్పుల్లో చూడాలి.

ఒడిశా భూసంస్కరణల చట్టం 1960 నాటిది. 1974 సవరణతో అయిదుగురున్న కుటుంబానికి పరిమితి 10 స్టాండర్డ్ (నేల రకాన్ని బట్టి లెక్కగట్టే) ఎకరాలైంది. రెండు పంటలు పండే నీటి భూమైతే అది 10 ఎకరాలే, వానను నమ్ముకున్న మెట్టయితే 45 ఎకరాల దాకా వెళ్తుంది. ఏది ఉంచుకోవాలో ఆసామే ఎంచుకుంటాడు కనుక మాకు దక్కిన ఎకరం రాళ్ల గరువు, అంటే మెట్ట నేల.

తాత అంతకుముందు ఒక ఆసామి దగ్గర కంబారి, అంటే పాలేరు. ఆషాఢంలో గింజలు అయిపోతే ఆయన దగ్గరే బస్తా ధాన్యం తెచ్చేవాడు. కోతలయ్యాక కూలి గింజల్లోంచి బస్తాన్నర పట్టుకునేవారు. బాకీ తీరేదాకా ఇంకొకరి పొలంలోకి పనికి వెళ్లడానికి లేదు. గరువు చేతికొచ్చాక అందులో చోడి (రాగి), కంది వేశారు. పండింది కొంచెమే, అయినా వానాకాలమంతా ఇంట్లో అంబలికి లోటు లేకపోయింది. ధాన్యం అప్పు ఆగిపోయింది. అప్పు లేకపోయేసరికి తాత కూలి రేటు అడగగలిగాడు, మా నాన్న పశువులు కాయడం మాని బడికెళ్లాడు. నానమ్మ ఏరిన రాళ్లతోనే కింది వైపు గట్టు కట్టింది. దానివల్ల వాన నీళ్లు నిలిచి, మట్టి చేరి, ఆ మూల వరి మడైంది. ఇప్పుడు ఉభాలు (వరి నాట్లు) మొదట అక్కడే పడతాయి. పై భాగంలో జీడి తోట వేశాం. భూమి విలువ అలా పెరిగింది, సగం పట్టాతో, సగం నానమ్మ చేతులతో.

కొండ మీది సవర గిరిజన కుటుంబాలకు 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా వేరు. భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు, పిల్లలకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. అమ్మలేనిది ఆస్తేమిటని కొందరంటారు. నేను ఒప్పుకోను. మా ఊళ్లో సీలింగ్ పట్టాలు కొన్ని ఆసుపత్రి ఖర్చులకు, పెళ్లిళ్లకు తెల్ల కాగితం మీద చేతులు మారిపోయాయి. ఆ ఇళ్లవాళ్లు మళ్లీ కూలికే వెళ్తున్నారు.

భూమి లేనివాళ్లు ఎక్కువగా కౌలు చేస్తారు. ఇక్కడ కౌలుకివ్వడం చట్టం ప్రకారం దాదాపు నిషేధం, వితంతువులు, వికలాంగుల వంటి కొందరికే మినహాయింపు. అందుకే నోటిమాట మీద నడుస్తుంది, కౌలుదారుకు ఏ ధీమా ఉండదు. బెస్లీ, బర్గెస్ అనే ఆర్థికవేత్తలు 2000లో భారత రాష్ట్రాల లెక్కలు పరిశీలించి, పేదరికం తగ్గడానికి సీలింగ్ కంటే కౌలు సంస్కరణలూ జమీందార్ల వంటి మధ్యవర్తుల తొలగింపే ఎక్కువ పనిచేశాయన్నారు. మా వైపు చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఇంకో చిక్కు రికార్డు. భూమి ఇప్పటికీ తాత పేరునే ఉంది, సాగు చేసేది ముగ్గురు కొడుకుల కుటుంబాలు. 2024-25 ఖరీఫ్‌లో మండీలో (ప్రభుత్వం ధాన్యం కొనే కేంద్రంలో) సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,300 మద్దతు ధర, దానిపై రాష్ట్రం 800 కలిపి 3,100 ఇచ్చింది. మండీలో రిజిస్ట్రేషన్‌కు భూమి కాగితం కావాలి. పేరు కుదరనివాళ్లు ఇంటికొచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకే తూచి ఇచ్చేస్తారు. పట్టా ఇచ్చిన తరం తినడానికి సంపాదించుకుంది, మా తరం ఆ తేడా డబ్బు పోగొట్టుకుంటోంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పట్టా ఉంటే, పెద్దాయన ఉండగానే పంపకం రాయించి తహసీల్దారు ఆఫీసులో పేర్లు మార్పించుకోండి. మా బాబాయిలు పని కోసం తలో ఊరూ పోయారు, ఒక్కొక్కరి సంతకం కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.